టెక్ సందేహాలు: రిటైరైన మాస్టార్ల గ్రూపులో కబురు తప్పిపోకుండా

ప్రశ్న: చీపురుపల్లి దగ్గర ఒక జెడ్పీ హైస్కూల్లో పనిచేసి రిటైరైనవాళ్లం, బదిలీ మీద వెళ్లినవాళ్లం కలిసి వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. తెల్లారితే గుడ్ మార్నింగులు, దేవుడి ఫొటోలు. మా పాత డ్రిల్లు మాస్టారు పోయారన్న కబురు వాటి కింద పడిపోయి, పెద్దకర్మ కూడా అయిపోయాక చూశాను. ఏం చెయ్యాలి?
- విశ్రాంత హిందీ పండిట్, విజయనగరం

మాస్టారూ, చాలా బాధాకరం. అలాగని గుడ్ మార్నింగులు ఆపించకండి. ఇంట్లో ఒక్కరే ఉంటున్న పెద్దవాళ్లు రోజూ ఒక ఫొటో పంపుతున్నారంటే బాగానే ఉన్నామని చెప్పడమే, రెండు రోజులు పంపలేదంటే మనమే ఫోన్ చేసి కనుక్కోవాలి. ఆ గ్రూపు అలాగే ఉంచి, కబుర్ల కోసం విడిగా ఇంకో గ్రూపు పెట్టండి. అందులో గ్రూప్ పర్మిషన్స్‌లోకి వెళ్లి, సభ్యులు మెసేజ్‌లు పంపే ఆప్షన్ ఆఫ్ చేస్తే అడ్మిన్లు మాత్రమే రాయగలరు. మరణం, ఆసుపత్రి, పెళ్లి, సన్మానం, కలుసుకునే తేదీ తప్ప ఇంకేమీ అందులో రాకూడదు. పాత గ్రూపును మ్యూట్ చేసుకుని, దీనికి గట్టిగా వినిపించే టోన్ పెట్టుకోమని అందరికీ చెప్పండి.

అడ్మిన్ ఒక్కరే ఉంటే ఆయన ఊరెళ్లినా, ఫోన్ పాడైనా కబురు ఆగిపోతుంది కాబట్టి విజయనగరంలో ఒకరు, శ్రీకాకుళంలో ఒకరు, పిల్లల దగ్గర విశాఖలో ఉంటున్నవాళ్లలో ఒకరు ఉండాలి. ఎవరైనా పోయారని తెలిస్తే ముందు ఆ ఇంటివాళ్లతో మాట్లాడి, ఆ తరవాతే పెట్టండి. చనిపోయినవారి నంబరు రద్దయితే 90 రోజుల తరవాత కంపెనీ దాన్ని వేరేవాళ్లకి ఇవ్వచ్చు. అందుకని కొన్నాళ్లయ్యాక కుటుంబానికి చెప్పి ఆ నంబరు తీసేసి, ఇష్టమైతే వాళ్ల అబ్బాయినో అమ్మాయినో చేర్చుకోండి.

ప్రశ్న: అందరం కలుద్దామంటే ఎవరొస్తారో లెక్క తేలదు. కలిశాక పంచుకున్న ఫొటోలేమో మసకగా ఉంటున్నాయి.
- రిటైర్డ్ సైన్స్ టీచర్, రాజాం

మేడమ్, గ్రూపులో ఫైల్ జోడించే చోటే 'ఈవెంట్' అని ఉంటుంది. తేదీ, చోటు రాసి పెడితే వచ్చేవాళ్లు అక్కడే నొక్కుతారు, లెక్క తేలిపోతుంది. విజయనగరంలో కలిసేటట్టయితే దసరా తరవాత వచ్చే మంగళవారం మాత్రం వద్దు. పైడితల్లమ్మ సిరిమానోత్సవం రోజు ఆ జనంలో మోకాళ్ల నొప్పులవాళ్లు నడవలేరు.

వాట్సాప్ ఫొటో సైజు తగ్గించి పంపుతుంది, అందుకే మసక. గ్యాలరీలోంచి కాకుండా 'డాక్యుమెంట్'గా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. ఎక్కువ ఫొటోలుంటే గూగుల్ ఫొటోస్‌లో షేర్డ్ ఆల్బమ్ పెట్టండి, ఎవరి ఫోన్లోవి వాళ్లు అందులో వేస్తారు. పాత బ్లాక్ అండ్ వైట్ స్టాఫ్ ఫొటోలకి గూగుల్ ఫొటోస్కాన్ యాప్ మంచిది. ఒకే ఫొటోను నాలుగైదు సార్లు తీసి, గ్లాసు మీద పడిన వెలుతురు మరక పోయేలా కలుపుతుంది. స్కాన్ చెయ్యగానే ఏ వరసలో ఎవరున్నారో పేర్లు రాయించండి. గుర్తుపట్టే పెద్దలు ఇప్పుడున్నారు, దీన్ని మాత్రం వాయిదా వెయ్యకండి.

ప్రశ్న: మా గ్రూపులో పెళ్లి శుభలేఖ అంటూ ఏపీకే ఫైల్ వచ్చింది. తెలిసినవాళ్ల నంబరే. తెరవచ్చా?
- రిటైర్డ్ జూనియర్ అసిస్టెంట్, నరసన్నపేట

వద్దండీ, ముట్టుకోవద్దు. శుభలేఖ ఫొటోగానో, పీడీఎఫ్‌గానో, వీడియోగానో వస్తుంది. ఏపీకే అంటే ఫోన్లో ఎక్కే యాప్, అది మెసేజ్‌లు చదివి బ్యాంకు ఓటీపీలు లాగేస్తుంది. పంపినాయన ఫోన్ ఇప్పటికే దొంగల చేతిలో ఉండొచ్చు, ఆయనకి మామూలు కాల్ చేసి చెప్పండి, అడ్మిన్ ఆ ఫైల్ అందరికీ డిలీట్ చెయ్యాలి. ఇప్పటికే ఎవరైనా ఎక్కించుకుని ఉంటే నెట్ ఆపేసి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పాలి, డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి. పింఛను పడే ఖాతా కదా, మొహమాటపడి ఆలస్యం చెయ్యకండి. అందరూ వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ (మీకు మాత్రమే తెలిసిన ఆరంకెల రహస్య సంఖ్య) పెట్టుకోండి.

ప్రశ్న: మా అటెండరు, ఆయా ఇద్దరివీ కీప్యాడ్ ఫోన్లే. వాళ్లకెలా చెప్పాలి?
- విశ్రాంత హెచ్‌ఎం, ఆమదాలవలస

మాస్టారూ, ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం. బడి గంట కొట్టినవాళ్లు లేకుండా బడివాళ్ల కలయిక ఏమిటి! ఎస్ఎంఎస్ ఉంది గాని తెలుగులో ఒక మెసేజ్‌కి 70 అక్షరాలే పడతాయి, కొన్ని పాత ఫోన్లలో తెలుగు కనిపించదు కూడా. కాబట్టి ఫోన్ కాలే మేలు. కీప్యాడ్ ఫోన్ ఉన్న ఒక్కొక్కరి బాధ్యత గ్రూపులో ఒక్కొక్కరికి అప్పగించి, ఆ జాబితా గ్రూపులో పిన్ చెయ్యండి, అంటే ఎప్పుడూ పైనే కనిపించేలా పెట్టండి. పిన్ 30 రోజుల వరకే ఉంటుంది, మళ్లీ పెడుతుండాలి. కబురు రాగానే ఆ బాధ్యులు ఫోన్ చేసి, 'చెప్పాను' అని అడ్మిన్‌కి రాయాలి. వచ్చేటప్పుడు వాళ్లని ఎవరి బండి మీద తీసుకురావాలో కూడా ఆ జాబితాలోనే రాసేయండి.