తుక్కు బొమ్మల ఫోటోలకు లెన్స్ అక్కర్లేదు, పొద్దున్నే వెళ్లండి

"పార్కులో పాత బండి సామాన్లతో చేసిన బొమ్మలు ఫోటో తీస్తే నల్లటి ముద్దలా వస్తున్నాయి, ఏ లెన్స్ కొనాలి?" అని అడిగారు. ఏదీ కొనకండి. పొద్దున ఆరున్నరకల్లా బొమ్మ దగ్గర ఉండండి. మా పాలమూరు ఎండలో పది దాటిందంటే ఎంత ఖరీదైన కెమెరా అయినా ఇనుము ముందు చేతులెత్తేస్తుంది.

మా ఊరి పార్కులో అలాంటి నెమలి ఒకటుంది. ఓసారి మా చిన్నాయనను వెంటబెట్టుకుని వెళ్లాను. ఆయన జడ్చర్లలో బండ్ల మెకానిక్. నేను నెమలి మొత్తాన్ని ఫ్రేములోకి తెచ్చే తిప్పల్లో ఉంటే, ఆయన నేరుగా దాని పక్కకు పోయి కూర్చున్నాడు. "ఇగో, తోకంతా క్లచ్ ప్లేట్లేరా. కన్నేమో బేరింగ్. మెడకు చైను చుట్టిండు చూడు." తర్వాత చైను కింది వెల్డింగ్ అతుకు మీద వేలు పెట్టి, "ఈడ చెయ్యి ఆగకుండ కొట్టిండు. మస్తు పనోడు" అన్నాడు. నేనూ కింద కూర్చుని చూశాను. పక్క నుంచి పడే ఎండకు ఒక్కో లింకు నీడ పక్క లింకు మీద పడుతోంది. ఇప్పటికీ నా ఫోటోలన్నిటిలో ఆ మెడ ఫోటోనే మేలు.

మీ బొమ్మ నల్లబడేది వెనక ఆకాశం వల్ల. కెమెరా ఆ వెలుతురుకు సర్దుకుని బొమ్మను చీకటి చేస్తుంది. ఫోన్‌లో బొమ్మ మీద వేలు పెట్టి వెలుతురు పెంచండి. పోలరైజర్ (లెన్స్ ముందు తగిలించే ఫిల్టర్) కొనమనేవాళ్ల మాట వినకండి. అది రంగు మీది మెరుపును తగ్గిస్తుంది గానీ ఉత్త ఇనుము మీద పెద్దగా పనిచేయదు.

వాచ్‌మన్లు "ఫోటోలు తీయొద్దు" అని తరమడం నాకు ఒళ్లుమంట. జనం తిరిగే చోట శాశ్వతంగా నిలబెట్టిన శిల్పాన్ని ఫోటో తీసి ప్రచురించినా కాపీరైట్ ఉల్లంఘన కాదని 1957 నాటి చట్టం 52వ సెక్షన్‌లోనే ఉంది.

అంతకన్నా బాధ శిలాఫలకం చూస్తే. ప్రారంభించినవాళ్ల పేర్లన్నీ ఉంటాయి, వెల్డర్ పేరు ఉండదు. పగిలిన గాజులు, పింగాణీ ముక్కలతో చండీగఢ్ రాక్ గార్డెన్ కట్టిన నేక్ చంద్ పేరు దేశమంతటికీ తెలుసు. మన నెమలి చేసినాయన పేరు పక్క వీధికి తెలియదు. మీరు ఫోటో పెట్టేటప్పుడు ఆ పేరు కనుక్కుని కింద రాయండి. ఊళ్లో ఏ వెల్డింగ్ షాపులో అడిగినా చెబుతారు.