‘రానీ’ అని రాస్తే ‘రాని’ అని పాడారు

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. ఉద్యోగం చేస్తూనే పాటలు రాస్తాను, గిటార్ వాయిస్తాను. ఆరేళ్ల కిందట వేరే దేశంలో ఉండే ఒక రాక్ సంగీతకారుడు ఆన్‌లైన్‌లో పరిచయమయ్యాడు. అతను ఇంగ్లీషులో, నేను తెలుగులో రాస్తూ ఇప్పటికి పదకొండు పాటలు చేశాం. మొదటి నాలుగింటిలో ఇద్దరి మాటలూ సగం సగం. పోనుపోను నా తెలుగు చివరి చరణానికి, తర్వాత ఒట్టి ఆలాపనకి వచ్చేసింది. చివరి మూడు పాటల్లో రచయితగా అతని పేరే ఉంది, నా పేరు గానం కింద వేశారు. ఈమధ్య ఒక ఇంటర్వ్యూలో నన్ను ‘మా పాటలకి రంగు అద్దే మనిషి’ అని పరిచయం చేశాడు. మా పాటల్లో ఎక్కువమందికి నచ్చినదాంట్లో నేను ‘రానీ ఈ రాత్రి’ అని రాశాను. బీట్‌కి పొడవైపోయింది, అక్కడ చిన్నగా కోసెయ్ అన్నాడు. కోస్తే ‘రాని ఈ రాత్రి’ అయింది. పర్లేదు అనేశాను. ఇప్పుడు ఆ పాట వింటే ఏడుపొస్తోంది. మా ఆయనేమో ‘నీ పేరే లేని పాటలకి రాత్రి రెండింటిదాకా మేలుకోవడం ఎందుకు’ అంటారు. అతను చెడ్డవాడు కాదు, మంచి స్నేహితుడే. విడిపోవాలా, సర్దుకుపోవాలా?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పేరు తీసేశారన్న మాట రెండు ముక్కల్లో చెప్పేసి, ఒక్క దీర్ఘం పోయిన సంగతి మాత్రం అంత వివరంగా రాశారంటే, మీకు ఎక్కడ నొప్పిగా ఉందో మీకు తెలుసు. కాబట్టి నేనూ అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

‘రానీ ఈ రాత్రి’ అంటే ఈ రాత్రిని రానివ్వు అని. ‘రాని ఈ రాత్రి’ అంటే ఎప్పటికీ రాని రాత్రి. ఒక్క గుడిదీర్ఘం పోయి, పాట మొత్తం తలకిందులైంది. ఆహ్వానం కాస్తా ఎదురుచూపుల ఏడుపైంది. ఇప్పుడు అసలు ప్రశ్న: ఈ సంగతి అతనికి తెలుసా? మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే తెలియదు. ఇంగ్లీషు పాటలో అచ్చుని రెండు బీట్ల దాకా లాగినా, టపుక్కున కోసినా చాలావరకు మాట మాటగానే ఉంటుంది, అది పాడేవాళ్ల స్టైల్ కిందే లెక్క. మనకేమో దీర్ఘం పోతే మాటే వేరే అయిపోతుంది. అతను బీట్ సరిచేశాననుకున్నాడు. మీ వాక్యాన్ని చంపాడని చెప్పగలిగిన మనిషి ఆ గదిలో, అదే ఆ కాల్‌లో, మీరొక్కరే. మీరేమో పర్లేదు అన్నారు.

మిమ్మల్ని తప్పుపట్టడానికి అనట్లేదమ్మా. కలిసి పాటలు కట్టే తొలిరోజుల్లో అందరూ అలాగే ఉంటారు. అప్పుడు అవతలివాళ్లు చేసేదంతా వింతగా, గొప్పగా ఉంటుంది. అతను మీ గమకం విని గిటార్ తీగ వంచడం నేర్చుకుని ఉంటాడు, మీరు అతని రిఫ్ (గిటార్ మీద మళ్లీమళ్లీ వచ్చే చిన్న స్వరాల ముక్క) విని మీ మాటల్ని కుదించడం నేర్చుకుని ఉంటారు. ఆ మోజులో చిన్నచిన్నవి వదిలేసుకోవడం నష్టంగా అనిపించదు. చిక్కేమిటంటే, మొదటి ఏడాదిలో వదులుకున్నది మూడో ఏడాదికి అలవాటైపోతుంది, ఆరో ఏడాదికి అదే పద్ధతి అని ఇద్దరూ నమ్మేస్తారు. మీ ఇద్దరి మధ్య ఎవరూ మాట్లాడుకోని ఒప్పందం ఒకటి తయారైపోయింది. ట్యూన్, బీట్, నిర్మాణం అతనివి, మీవి సర్దుబాట్లు.

ఇందులో రాక్ స్వభావం కూడా కొంత ఉంది, అది ఒప్పుకోవాలి. రాక్‌లో సాధారణంగా నాలుగు లెక్కల్లో రెండో లెక్క మీదా నాలుగో లెక్క మీదా స్నేర్ డ్రమ్ దబ్‌మని పడుతుంది. దానితోబాటు మాట కూడా టక్కున ఆగాలంటే హల్లుతో ఆగే మాట కావాలి. మన మాటలు ఎక్కువ భాగం అచ్చుతో ముగుస్తాయి, ఆగమంటే ఆగవు, సాగుతాయి. ముందు బీట్ వేసుకుని, దాని మీద డమ్మీ లిరిక్స్‌తో, అంటే అర్థంతో పనిలేని ఉత్తుత్తి మాటలతో, అతను కూనిరాగం తీసి, ఆ ఖాళీల్లో మీరు తెలుగు పొయ్యాలంటే ప్రతిసారీ కోతపడేది మీ మాటలకే. అతను దుర్మార్గుడు కానక్కర్లేదు, ట్యూన్‌కి రాసే పద్ధతి చాలు. కానీ ఇంటర్వ్యూలో అన్న ఆ ‘రంగు అద్దే మనిషి’ మాట మాత్రం నాకు నచ్చలేదు. ఇల్లు అతను కట్టినట్టు, మీరొచ్చి సున్నం వేసినట్టు.

మీకు ఒక సంగతి చెప్తాను. 1986లో ఇంగ్లండ్ రాక్ గాయకుడు పీటర్ గేబ్రియల్ ‘ఇన్ యువర్ ఐస్’ అనే పాట చేశాడు. రాసింది అతనే. పాట ముగింపుకొచ్చాక సెనెగల్ గాయకుడు యూసు ఎన్‌డూర్ తన వోలోఫ్ భాషలో గొంతు కలుపుతాడు. వినడానికి అద్భుతంగా ఉంటుంది, కానీ లెక్కకి అది పాట తోకలో వచ్చిన అతిథి గొంతే. మూడేళ్లు తిరిగేసరికి, 1989లో, అదే ఇద్దరూ ‘షేకిన్ ద ట్రీ’ రాశారు. ఈసారి రచయితలుగా ఇద్దరి పేర్లూ ఉన్నాయి, పాట వచ్చింది ఎన్‌డూర్ ఆల్బమ్‌లో. అంటే అతిథిగా వచ్చిన మనిషి మూడేళ్లలో ఇంటివాడయ్యాడు. మీ ఆరేళ్లు సరిగ్గా దీనికి ఉల్టాగా నడిచాయి. సగం సగంతో మొదలై మీరు తోకలోకి వచ్చారు. అమెరికా గాయకుడు పాల్ సైమన్ ‘గ్రేస్‌లాండ్’ ఆల్బమ్‌లో ‘హోమ్‌లెస్’ కూడా వినండి. జులూ, ఇంగ్లీషు రెండూ ఉంటాయి, రచయితలుగా సైమన్‌తోబాటు దక్షిణాఫ్రికా గాయకుడు జోసెఫ్ షబలాలా పేరు ఉంటుంది. రెండు భాషలు ఒకే పాటలో ఉన్నంత మాత్రాన ఒకటి నంజుకునే పచ్చడి కానక్కర్లేదని చెప్పడానికే ఇదంతా.

అందుకని విడిపోవాలా, సర్దుకుపోవాలా అన్న మీ ప్రశ్నకి రెండూ వద్దంటాను. సర్దుకుపోవడం ఆరేళ్లుగా చేస్తూనే ఉన్నారు, దాని ఫలితమే ఈ ఉత్తరం. విడిపోవడానికేమో అవతలి మనిషికి అసలు గొడవ ఉందనే తెలియదు! తెలియని గొడవ మీద విడిపోతే అతను జీవితాంతం తలగోక్కుంటాడు, మీరు జీవితాంతం చెప్పాల్సిందేమో అనుకుంటారు.

చెప్పండి. ఎలా చెప్పాలన్నదే విషయం. అర్ధరాత్రి కూర్చుని ఆరేళ్ల చిట్టా మొత్తం విప్పుతూ పొడవాటి మెయిల్ రాయొద్దు. మీరు అలా రాసి డ్రాఫ్ట్‌లో పెట్టుకునే ఉంటారని నా అనుమానం, అది అక్కడే ఉండనివ్వండి. ఆ ఒక్క పాటతో మొదలుపెట్టండి. ‘రానీ’, ‘రాని’ రెండూ పాడకుండా, మామూలుగా మాట్లాడినట్టు మెల్లగా పలికి రికార్డ్ చేసి పంపండి. కింద రెండిటి అర్థం ఇంగ్లీషులో రాయండి. ఆ తర్వాత ఒక్క వాక్యం: మనం పాడుతున్నది రెండోది, నేను రాసింది మొదటిది. అంతే. ఏ సంగీతకారుడికైనా అది విన్నాక ఒళ్లు జలదరించాలి. జలదరించకపోతే అదీ మీకు పనికొచ్చే సమాచారమే.

తర్వాతి పాటకి పద్ధతి మార్చమని అడగండి. ఈసారి ముందు మాటలు, తర్వాత బాణీ. ఇదేమీ వింత కోరిక కాదు. ఇంగ్లండ్ గాయకుడు ఎల్టన్ జాన్, గీత రచయిత బెర్నీ టాపిన్ జంట 1967లో కలిసినప్పటి నుంచీ చాలావరకు అలాగే పనిచేశారు, టాపిన్ మాటలు రాసి ఇస్తే ఎల్టన్ వాటికి ట్యూన్ కట్టేవాడు, ఇద్దరూ ఒకే గదిలో ఉండనక్కర్లేకపోయేది. మీరు పల్లవి తెలుగులో రాసి, ఎక్కడ దీర్ఘం ఉందో, ఎక్కడ ఒత్తు పడుతుందో గుర్తుపెట్టి, చదివి వినిపించండి. ఆ మాటల నడక మీద అతన్ని స్నేర్ ఎక్కడ వెయ్యాలో వెతుక్కోమనండి. మొదట్లో అతనికి చిరాకొస్తుంది. ఇన్నాళ్లూ మీరు పడింది అదే.

ఇక పేర్లు, డబ్బు సంగతి. ఇది మొహమాటపడే చోటు కానే కాదు. పాటలో రెండు ఆస్తులు ఉంటాయి. ఒకటి రాసిన పాట, అంటే మాటలూ బాణీ. రెండోది దాన్ని రికార్డ్ చేసిన ట్రాక్. గానం కింద పేరు వేస్తే మీకు రెండోదాంట్లో ఏదైనా దక్కొచ్చేమో గానీ మొదటిదాంట్లో మీరు లేనట్టే. ఆ చివరి మూడు పాటల్లో ఆలాపన తప్ప ఇంకేం చేశారో నాకు రాయలేదు. ఆ ఆలాపన అతను ఇచ్చిన స్వరాలే పాడారా, మీరే కట్టారా? మీరే కట్టి, పాటలో జనానికి గుర్తుండే ముక్క అదే అయితే, అది బాణీలో భాగమని మీరు గట్టిగా అడగొచ్చు. ఇకమీదట ప్రతి పాట పూర్తయిన రోజే, ఎవరికి ఎంత శాతం అన్నది ఒక కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టుకోండి, సంగీతం వాళ్లు దాన్ని స్ప్లిట్ షీట్ అంటారు. మీ దేశంలో మీరు, అతని దేశంలో అతను రాయల్టీ సొసైటీలో (పాట వాడుకున్నందుకు వచ్చే డబ్బు వసూలు చేసి రచయితలకి పంచే సంస్థలో) నమోదు చేసేటప్పుడు అవే శాతాలు ఉండాలి. అతను వంద, మీరు యాభై అని రాస్తే లెక్క తేలేదాకా డబ్బు ఆగిపోవచ్చు. పైగా ఇద్దరు కలిసి రాసిన పాటని ఒకరు ఒంటరిగా వేరేవాళ్లకి వాడుకోనివ్వొచ్చా లేదా అన్న చట్టం అన్ని దేశాల్లోనూ ఒకేలా ఉండదు, ఆ కాగితంలో అదీ రాసుకోండి. బీటిల్స్ బ్యాండ్‌లోని లెనన్, మెకార్ట్నీ కుర్రాళ్లుగా ఉన్నప్పుడే, ఎవరు ఎంత రాసినా ఇద్దరి పేర్లూ వేసుకుందామని అనుకున్నారు. ఆ తర్వాత వాళ్ల మధ్య రాని గొడవ లేదు, అయినా ఆ పాటల మీద ఇద్దరి పేర్లూ అలాగే ఉన్నాయి. (నేను కాలేజీలో బేస్ గిటార్ వాయించేవాణ్ణి. మా బ్యాండ్ తెగిన తీగలు ఎవరు కొనాలన్న దగ్గర విడిపోయింది. కాగితాల మీద నాకున్న గౌరవం అప్పటిది.)

మీవారి గురించి. ఆయన అన్న మాట గుచ్చుకుంది కదా, ఎందుకంటే అందులో నిజం ఉంది. ‘నీ పేరే లేని పాటలకి’ అన్నారు, ‘ఆ పాటలు మానెయ్’ అనలేదు, కనీసం మీరు రాసినదాంట్లో అలా లేదు. మీ పేరు లేదని మీకంటే ముందు గమనించింది ఆయనేనేమో అడిగి చూడండి. ఇంట్లో శత్రువు ఉన్నాడనుకుంటున్న చోట మీ తరఫు మనిషే ఉండొచ్చు. లేదూ, ఆయనకి నిజంగానే ఆ రాత్రి కాల్స్ ఇబ్బందిగా ఉంటే, అదీ నేరుగా మాట్లాడుకోవాల్సిందే, ‘సంగీతం గురించి నీకేం తెలుసు’ అని కొట్టిపారేస్తే ఆ మాట ఏళ్లతరబడి ఉండిపోతుంది.

అసలు ఆ రాత్రి రెండు గంటల సంగతి చూద్దాం. అవతలివాళ్ల శబ్దం మనకి సుమారు 25–30 మిల్లీసెకన్ల కంటే ఆలస్యంగా చేరితే ఇద్దరూ కలిసి తాళంలో వాయించడం కష్టమైపోతుంది. మీ ఇద్దరి మధ్య ఎనిమిది వేల కిలోమీటర్లు ఉందనుకుంటే, కేబుల్‌లో కాంతి పోయే వేగానికే ఒకవైపు 40 మిల్లీసెకన్లు పడుతుంది, మిగతా ఆలస్యాలు అదనం. అంటే ఎంత మంచి నెట్ ఉన్నా మీరు నిజంగా కలిసి వాయించట్లేదు, ఒకరు వాయిస్తుంటే ఇంకొకరు వింటున్నారు. ఆ పని ట్రాక్‌లు పంపుకుని ఎవరి పగలు వాళ్లు చేసుకోవచ్చు. మాట్లాడుకోవడానికి వారానికి ఒక్క కాల్ చాలు, అదీ ఒక వారం మీకు వీలైన టైమ్‌కి, ఒక వారం అతనికి వీలైన టైమ్‌కి. ఆరేళ్లుగా మెలకువగా ఉంటున్నది మీరేనా, అతను కూడానా? దీని గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు, కానీ నాకు జవాబు తెలిసినట్టే ఉంది.

ఇంతా చెప్పాక అతను ‘ఇప్పుడు ఇవన్నీ ఎందుకు, బాగానే నడుస్తోంది కదా’ అంటే? ఒకసారి అంటే కంగారు కింద వదిలేయండి. పాట పద్ధతి మార్చడానికీ, కాగితం రాసుకోవడానికీ రెండిటికీ ఒప్పుకోకపోతే మాత్రం పన్నెండో పాట మొదలుపెట్టొద్దు. స్నేహం ఉంచుకోండి, పని ఆపండి. ఆపేముందు మొదటి నాలుగు పాటల రచయితల పేర్లు అన్నిచోట్లా సరిగ్గా ఉన్నాయో లేదో ఒకసారి చూసుకోండి.

నా అంచనా అయితే అంతదాకా రాదు. ఆరేళ్లు ఒకరి ఫైళ్ల కోసం ఒకరు ఎదురుచూసిన మనుషులు మీరు.

ఆ పాట తొలి డెమోలో, కొయ్యకముందు, మీరు ‘రానీ’ అని పూర్తిగా లాగి పాడే ఉంటారు. పాత ఫోన్‌లోనో, ల్యాప్‌టాప్‌లోనో ఎక్కడో ఉంటుంది. ఈ ఆదివారం అది వెతకండి. దొరికితే ముందు మీవారికి వినిపించి, తర్వాత అతనికి పంపండి.