టీవీ, సెట్‌టాప్ బాక్స్, టర్న్‌టేబుల్ (రికార్డ్ ప్లేయర్) అన్నీ ఆంప్లిఫయర్‌కి కలిపాక గుయ్‌మని మోత వస్తోంది, ఏ వైరు తప్పో ఎలా తెలుసుకోవాలి?

చూసుకోకుండా అన్నీ పీకేయకండి. ముందు ఫోన్‌తో వెనకభాగం ఫొటో తీసుకోండి. తర్వాత స్పీకర్లు తప్ప ఇన్‌పుట్ వైర్లన్నీ తీసి, ఒక్కొక్కటే పెడుతూ వినండి. వైరు మార్చే ప్రతిసారీ ఆంప్ ఆఫ్ చేయాలి.

సెట్‌టాప్ బాక్స్ పెట్టగానే మోత మొదలైతే, బయటినుంచి వచ్చే కేబుల్ వైరు తీసి చూడండి. ఆగిపోయిందా? అది గ్రౌండ్ లూప్. కేబుల్ వైరు ద్వారా ఒక ఎర్త్, ప్లగ్గు ద్వారా ఇంకో ఎర్త్ కలిసి, మన కరెంటు 50 హెర్ట్జ్ మోత పాటలోకి దూరుతుంది. బాక్స్ నుంచి ఆంప్‌కి ఆప్టికల్ కేబుల్ (వెలుగుతో ధ్వని పంపేది) వాడితే పోతుంది, అందులో లోహపు తీగ ఉండదు కాబట్టి. కొందరు ప్లగ్గు ఎర్త్ పిన్ను తీసేయమంటారు. ప్రాణాల మీదికి వస్తుంది, వద్దు.

టర్న్‌టేబుల్ అయితే దాని సన్నటి గ్రౌండ్ వైరు ఆంప్ వెనక స్క్రూకి బిగించారో లేదో చూడండి. నేనూ ఒకసారి అది మర్చిపోయి రెండు రోజులు టెన్షన్ పడ్డాను.

మోత లేకుండా బాస్ మాత్రం పల్చగా ఉంటే, ఒక స్పీకర్‌కి ప్లస్, మైనస్ తారుమారై ఉండొచ్చు.

మళ్లీ కలిపేటప్పుడు ప్రతి వైరుకీ రెండు చివర్లా టేపు మీద పేరు రాసి అంటించండి. పవర్ వైర్లను ఆడియో వైర్లతో కలిపి కట్టకండి.