నెలలు తేల్చకుండా కొలబల్ల తీయకు తల్లీ

అమ్మడూ,

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో చేరావని మీ నాన్న చెప్పాడు. సంతోషమే, కానీ ఆ ఎండల్లో మన నెల్లూరు జిల్లా అల్లూరు, ఇందుకూరుపేట ఊళ్లమ్మట తిరగాలంటే నాకు దిగులే. గొడుగూ నీళ్లసీసా మరవకు.

సర్వేకు ఎంచి ఇచ్చిన ఇల్లు తాళం వేసుంటే పక్కింట్లో దూరకు. గత రెండు సర్వేల్లో ఊరికి 22 ఇళ్లు తీశారు. ఆ ఇళ్లే ముఖ్యం. పగలు తాళాలుండేది రొయ్యల గుంటలకూ పొగాకు పనులకూ పోయే వాళ్ల ఇళ్లకే. వాళ్లను వదిలేస్తే లెక్కలో జిల్లా ఉన్నదానికన్నా బాగా కనిపిస్తుంది. పొద్దుగూకినాక మళ్లీ వెళ్లు, తోడు లేకుండా మాత్రం పోవద్దు.

నా భయమంతా వయసు గురించే. "రెండేళ్లుంటాయిలేమ్మా" అంటుంది తల్లి, నువ్వు 24 నెలలని కొట్టేస్తావు. పిల్లాడు నిజానికి 20 నెలల వాడు, పొడవు 79.5 సెంటీమీటర్లు అనుకో. ఆ వయసుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ కింది హద్దు 78.6, అంటే బాగానే ఉన్నాడు. 24 నెలలకు హద్దు 81. నీ తొందరకు వాడు గిడసబారిన, అంటే వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లల్లో పడ్డాడు. 2019-21లో మన రాష్ట్రంలో ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 31.2 మంది అలాంటివాళ్లని తేలింది. ఆ అంకె ఇలాంటి నెలల మీదే నిలబడింది. ఎత్తుకు తగ్గ బరువుకు వయసుతో అంత పని లేదు, వయసుకు తగ్గ ఎత్తు, వయసుకు తగ్గ బరువు, ఈ రెండు కొలతలకూ వయసే ప్రాణం. రెండేళ్లలోపైతే పడుకోబెట్టి, దాటితే నిలబెట్టి కొలవాలి. రెండింటికీ తేడా 0.7 సెంటీమీటర్లు. అందుకే ముందు వయసు, తర్వాతే కొలబల్ల.

తల్లీబిడ్డల కార్డు, పుట్టిన సర్టిఫికెట్ అడుగు. ఆధార్‌లో జనవరి 1 కనిపిస్తే అనుమానించు. యానాదుల గుడిసెల్లో కాగితం దొరక్కపోతే 2021 నవంబరు పెన్నా వరదకు ముందా, తర్వాతా, 2023 డిసెంబరు మిచాంగ్ తుఫానుకు ఒళ్లో ఉన్నాడా అని అడుగు. రొట్టెల పండగ గుర్తు చెబితే జాగ్రత్త, అది మొహర్రంలో వస్తుంది, మొహర్రం ఏటా దాదాపు 11 రోజులు ముందుకొస్తుంది. ఏ ఏడాది పండగో తేల్చుకుని నెల వేసుకో.

ఇంకోటి, ఇది తిట్టే చెబుతున్నా. ఐదేళ్లలోపు పిల్ల ఉంటే విరేచనాలనీ అవనీ ఇవనీ బోలెడు ప్రశ్నలు. అవి తప్పించుకోను నాలుగున్నరేళ్ల పిల్లను ఐదు దాటించే వాళ్లుంటారు. లెక్కల్లో నాలుగేళ్ల వాళ్లు తగ్గి ఐదేళ్ల వాళ్లు పెరిగితే ఆఫీసులో ఇట్టే పట్టేస్తారు. నువ్వా పని చేయవని తెలుసు. అయినా అలసిన సాయంత్రం చెయ్యి అటు పోతుంది, ఏమనుకోకు.

2019-21 సర్వేలోలా వేలు గుచ్చి రక్తం చూడమంటే మొదటి చుక్కలు తుడిచెయ్యి, పిండొద్దు. పిండితే ఒంట్లో నీరు కలిసి హిమోగ్లోబిన్ తగ్గి కనిపిస్తుంది, 11 గ్రాముల హద్దు దగ్గరున్న పిల్ల రక్తహీనత లెక్కలో పడుతుంది.

ఇందుకూరుపేట పని పడిన రోజు అన్నం మనింట్లోనే. ట్యాబ్ ఛార్జర్ తెచ్చుకో.

మీ అత్త