సెల్ గ్రూప్ బాధ్యత తీసుకున్న అమ్మాయికి

ప్రియమైన అమ్మలూ,

ప్రభువు నామంలో వందనాలు. మీ సంఘంలో ఒక సెల్ గ్రూప్‌ని (కలిసి బైబిల్ చదువుకునే చిన్న గుంపుని) నీకు అప్పగించారని, వాక్యం చదువుకోవడంతో ఆగకుండా చుట్టుపక్కల వాళ్లకి ఏదైనా చేద్దామని అందరూ ఉత్సాహపడుతున్నారని రాశావు. నీకేమో టెన్షన్‌గా ఉందన్నావు. ఉండనీ. అది లేకపోబట్టే నేను మొదట్లో బోల్తా పడ్డాను.

మా గుంపు చేసిన మొదటి పని ఒక వృద్ధాశ్రమంలో దుప్పట్లు పంచడం. ఎవరినీ అడగలేదు. మోసుకెళ్లాం, పాటలు పాడాం, ఫొటోలు దిగాం. బయల్దేరుతుంటే అక్కడ పనిచేసే ఆమె బీరువా తెరిచి చూపించింది. నిండా దుప్పట్లే. "ఇవి తెచ్చేవాళ్లకి కొదవ లేదమ్మా. కళ్లు ఆనని వీళ్లకి నాలుగు ముక్కలు చదివి వినిపించే వాళ్లే లేరు" అంది. ఆ తర్వాత చాలా ఏళ్లు మేం చేసింది అదే: వారానికో గంట కూర్చుని పేపరో, ఉత్తరమో చదవడం.

అందుకే ముందు వెళ్లి అడుగు. అడిగేటప్పుడు కూడా "మీకేం కావాలి?" అనకు. మొహమాటానికి ఏదో ఒకటి చెప్పేస్తారు. "మీకు ఏ పూట కష్టంగా గడుస్తుంది?" అని అడిగి చూడు, అసలు సంగతి బయటికొస్తుంది.

బైబిల్లో అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం ఈసారి నిదానంగా చదువు. తొలి సంఘంలో రోజువారీ పంపకంలో తమ విధవరాళ్లకి అన్యాయం జరుగుతోందని గ్రీకు మాట్లాడే వాళ్లు సణిగారు. అప్పుడు ఎన్నుకున్న ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే! సణిగిన వర్గం నుంచే మనుషుల్ని తీసుకున్నారని నాకనిపిస్తుంది. నీ గుంపులో "ఇలా చేస్తే ఎలా?" అని అడ్డుతగిలే మనిషి ఒకరు ఉండే ఉంటారు. ఆ పని వాళ్లకే అప్పగించు.

అన్నీ నువ్వే నెత్తిన వేసుకోకు. మోషేకి మామ యిత్రో చెప్పింది అదేగా, పదేసి మందికి ఒకరిని పెట్టుకొమ్మని. 1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో, మెథడిస్టు ఉద్యమం నడిపిన జాన్ వెస్లీ వాళ్లు కూడా దాదాపు పన్నెండేసి మందికి ఒక నాయకుణ్ని పెట్టారు. ఎందుకో తెలుసా? మందిరం కట్టిన అప్పు తీర్చడానికి, వారానికి తలా ఒక పెన్నీ వసూలు చేయాలని! డబ్బుల కోసం గడప గడపా తొక్కితే ఇళ్లలోని కష్టసుఖాలు తెలిశాయి. నువ్వూ నీ వాళ్ల ఇళ్లకి వెళ్తూ ఉండు. రెండు వారాలుగా రాని వాళ్లని ఎందుకు రాలేదని నిలదీయకు, ఊరికే పలకరించి రా.

డబ్బు ఎప్పుడూ ఇద్దరు లెక్కపెట్టాలి. పిల్లలతో చేసే పనికి ఇద్దరు పెద్దవాళ్లు ఉండాల్సిందే, ఎంత నమ్మకస్తులైనా సరే. సాయానికీ ప్రార్థనకీ ముడిపెట్టొద్దు. వాళ్లు అడిగితే ప్రార్థన చేయి, లేదంటే ఇంటికొచ్చి చేసుకో. ఫొటోలు మానేస్తే ఇంకా మంచిది. ఈ విషయంలో మా పాస్టరుగారికీ నాకూ ఇప్పటికీ పడదనుకో.

ఇంకొక్కటి. యేసు చెప్పిన కథలో మంచి సమరయుడు గాయపడిన వాడి దగ్గరే ఉండిపోలేదు. పూటకూళ్లవాడికి రెండు దేనారములు (వెండి నాణేలు) ఇచ్చి, ఇంకేమైనా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానని చెప్పి, తన దారిన వెళ్లాడు. మీ చేతిలో లేని కష్టాలు ఎదురవుతాయి: తాగుడు, ఇంట్లో కొట్టడం, చచ్చిపోవాలనిపిస్తోందనే మాట. అవి మీరే తీర్చాలని చూడొద్దు. ఏ డాక్టరు, ఏ లాయరు, ఏ సంస్థ దగ్గరికి పంపాలో ముందే కనుక్కుని రాసిపెట్టుకో. పంపాక వదిలేయకు, మళ్లీ వెళ్లి చూడు.

మూడు పనులు అనుకున్నావట. రెండు కొట్టేయి. ఏది ఉంచావో నాకు రాయి.

నీ పెద్దమ్మ