సూర్యలంకలో ఉప్పునీళ్లు తాగిన ఫోను, తక్కువ ఖర్చు ప్రయాణం: సమాధానం

గుంటూరు నుంచి నలుగురు మళ్లీ బాపట్ల దగ్గరి సూర్యలంక బీచ్‌కి వెళ్లాలనీ, పోయినసారి ఫోను తడిసి చార్జింగ్ ఎక్కలేదనీ, తిరుగు ఆటో దొరకలేదనీ రాశారు కదండీ.

ముందు ఫోను సంగతి. తడవగానే స్విచాఫ్ చేయండి, చార్జర్ మాత్రం అస్సలు పెట్టొద్దు. ఉప్పునీటిలో కరెంటు తేలిగ్గా పారుతుంది, దాంతో చార్జింగ్ పిన్నులు తుప్పుపట్టి పచ్చగా మారతాయి. సిమ్ ట్రే తీసి, మంచినీళ్లతో కాస్త తడిపిన గుడ్డతో పైన ఉప్పంతా తుడవండి. చార్జింగ్ రంధ్రం కిందికి ఉండేలా ఫ్యాను ముందు ఒక రోజు నిలబెట్టండి. బియ్యం డబ్బాలో పెడితే తవుడు లోపలికి పోతుంది, వద్దు. ఆరాక కూడా చార్జింగ్ ఎక్కకపోతే రిపేరు షాపులో విప్పించి శుభ్రం చేయించాల్సిందే. ఈసారి జిప్ కవర్‌లో పెట్టుకెళ్లండి, టచ్ పైనుంచే పనిచేస్తుంది.

గుంటూరు నుంచి పొన్నూరు మీదుగా బాపట్ల బస్సెక్కండి. విజయవాడ వాళ్లకైతే తెనాలి మీదుగా రైలే సుఖం. బాపట్ల నుంచి తీరం తొమ్మిది కిలోమీటర్లు. ఆటో రానూపోనూ కలిపి మాట్లాడుకుని, డ్రైవర్ నంబరు తీసుకుని, సగం డబ్బు తిరిగొచ్చాకే ఇవ్వండి. ఆదివారం చీకటిపడే వేళ అందరూ ఒక్కసారే బయల్దేరతారు, అందుకే దొరకవు.

చిన్న పౌడర్ డబ్బా పెట్టుకోండి. పిల్లల కాళ్లకు అంటిన తడి ఇసుక మీద చల్లి చేత్తో రుద్దితే పొడిపొడిగా రాలిపోతుంది, ఎంత హాయో! పులిహోర పొట్లాలు కట్టుకెళితే మధ్యాహ్నం ఖర్చూ తప్పుతుంది.

పిల్లల్ని మోకాలి లోతు దాటనివ్వకండి. అల లోపలికి లాగితే ఎదురీదొద్దు, తీరం వెంబడి పక్కకు ఈదాలి.