నాణెం అసలుదే, చక్రవర్తే వేరు: డబ్బు తిరిగొస్తుందా?

ప్రశ్న: నాకు పాత నాణేలు సేకరించే అలవాటుంది. నాలుగు నెలల క్రితం ముంబై డీలర్ ఒకరి వెబ్‌సైట్‌లో ‘రోమన్ చక్రవర్తి ఎలగాబలస్, క్రీ.శ. 218–222, ఆంటియోక్ టంకశాల, టెట్రాడ్రాక్మ్ (నాలుగు డ్రాక్మాల విలువైన నాణెం)’ అని పెట్టిన నాణేన్ని రూ.22 వేలకు కొన్నాను. పోయిన వారం అనుభవజ్ఞుడైన ఒక పెద్దాయన చూసి, అది కారకల్లా నాణెం అన్నారు. డీలర్‌ని అడిగితే ‘నాణెం అసలైనదే, రాజు పేరు మా అభిప్రాయం మాత్రమే, ఏడు రోజుల వాపసు గడువు ఎప్పుడో దాటింది’ అంటున్నాడు. చీటింగ్ కేసు పెట్టవచ్చా? – ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: చీటింగ్ కేసు ఆలోచన పక్కన పెట్టండి. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద నేరం నిలవాలంటే, అమ్మే సమయానికే డీలర్‌కు మోసం చేసే ఉద్దేశం ఉన్నట్లు చూపాలి. ఈ ఇద్దరు చక్రవర్తుల విషయంలో అది దాదాపు అసాధ్యం. ఎందుకంటే ఇద్దరి అధికారిక పేరూ ఒకటే: మార్కస్ ఆరేలియస్ ఆంటోనినస్. కారకల్లా, ఎలగాబలస్ అన్నవి జనం పెట్టిన పేర్లు. అవి నాణేల మీద ఉండవు. కారకల్లా కొడుకునని చెప్పుకునే ఎలగాబలస్ సింహాసనం ఎక్కాడు కనుక ఆ పేరే పెట్టుకున్నాడు. మీ నాణెం ముందు వైపున గ్రీకులో ‘ఆంటోనీనోస్’ అని చదివినంత మాత్రాన ఎవరిదో తేలదు.

మన నల్గొండ ప్రాంతంలో బయటపడిన అగస్టస్, టైబీరియస్ వెండి దినారియస్‌ల మీద లాటిన్ రాత ఉంటుంది. అప్పటి సిరియాలోని ఆంటియోక్ వంటి తూర్పు నగరాలు ముద్రించిన ప్రాంతీయ నాణేల మీద గ్రీకు రాత ఉంటుంది. పొరపాట్లకు ఇదీ ఒక కారణం.

మరి ముఖం చూసి చెప్పలేమా? కొంతవరకు చెప్పొచ్చు. కారకల్లా 188లో పుట్టాడు. ఈ తరహా నాణేలు ఎక్కువగా పడిన 215–217 నాటికి ముప్పైకి దగ్గరపడ్డాడు. గడ్డం, ముడిపడిన కనుబొమలు ఉంటాయి. ఎలగాబలస్ గద్దెనెక్కేనాటికి పద్నాలుగేళ్ల కుర్రాడు. కానీ అరిగిన నాణెం మీద గడ్డం ఉందా లేదా అని వినియోగదారుల కమిషన్ ముందు వాదించడం మొదలుపెడితే మీ కేసు అక్కడే ఆగిపోతుంది. మీకు బలమైన సాక్ష్యం వెనక వైపు, గద్ద బొమ్మ చుట్టూ ఉన్న రాతలో ఉంది. ఆ రాత చివర చక్రవర్తి ఎన్నోసారి కాన్సుల్ (రోమ్‌లో ఒక ఉన్నత పదవి) అయ్యాడో గ్రీకు అక్షరంతో వేస్తారు. ‘తో’ (ΤΟ) అన్న అక్షరాల తర్వాత డెల్టా (Δ) ఉంటే నాలుగోసారి, అంటే కారకల్లా (213లో నాలుగోసారి అయ్యాడు). బీటా (Β) ఉంటే రెండోసారి, అంటే ఎలగాబలస్. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఎలగాబలస్ నాణేల మీద గద్దకు అటూ ఇటూ డెల్టా, ఎప్సిలాన్ (Ε) అని విడి అక్షరాలు కనిపిస్తాయి. ఆ డెల్టాను చూసి ‘నాలుగోసారి’ అనుకునేవాళ్లున్నారు. కాబట్టి మీ పెద్దాయన ఏ డెల్టాను చూసి చెప్పారో ముందు అడగండి. రాత చివరి అక్షరం పూర్తిగా అరిగిపోయి ఉంటే మాత్రం నేను మిమ్మల్ని కేసుకు ప్రోత్సహించను.

చివరన డెల్టా స్పష్టంగా ఉందనుకుందాం. అప్పుడు ‘అభిప్రాయం మాత్రమే’ అన్న డీలర్ మాట నిలవడం కష్టం. వస్తు విక్రయ చట్టం, 1930 సెక్షన్ 15 ప్రకారం వర్ణనను బట్టి అమ్మిన వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలి. అతను ‘బహుశా’ అనలేదు, పేరూ సంవత్సరాలూ ఖరారుగా రాశాడు. మీరు చేత్తో చూడకుండా ఆ రాతను నమ్మే కొన్నారు. ఒక ఇంగ్లండ్ తీర్పును డీలర్ లాయరు చూపించవచ్చు. అక్కడ జర్మన్ చిత్రకారిణి గాబ్రియేల్ మ్యుంటర్ గీసిందని అమ్మిన చిత్రం నకిలీ అని తేలినా కొన్నవారు ఓడిపోయారు. కానీ ఆ కొన్నవారు స్వయంగా చిత్రాల వ్యాపారులు, అమ్మినవారి మాటను నమ్మి కొనలేదని కోర్టు భావించింది. మీ సంగతి వేరు. ‘వెనక వైపు ఫొటో కూడా పెట్టాం కదా, చదువుకోవాల్సింది’ అని కూడా వాదిస్తారు. డీలరే తప్పు చదివిన గ్రీకు అక్షరాన్ని కొనేవాడు సరిగ్గా చదవాలనడం నాకు న్యాయంగా తోచదు.

మీ అసలు బలహీనత నాలుగు నెలల ఆలస్యం. అదే వస్తు విక్రయ చట్టం సెక్షన్ 42 ప్రకారం సహేతుకమైన కాలం దాటాక కూడా తిరస్కరిస్తున్నట్లు చెప్పకుండా ఉంచుకుంటే వస్తువును అంగీకరించినట్లే. అప్పుడు సెక్షన్ 13 ప్రకారం వాపసు హక్కు పోయి, సెక్షన్ 59 కింద నష్టపరిహారం మిగులుతుంది. ఇంగ్లిష్ చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ గీసిందని కొన్న చిత్రాన్ని అయిదేళ్ల తర్వాత తిప్పి ఇవ్వబోతే ఇంగ్లండ్ కోర్టు 1950లో ఆలస్యం కారణంగానే ఒప్పుకోలేదు. నాలుగు నెలలు అయిదేళ్లు కాదు. అయినా తెలిసిన వారంలోనే డీలర్‌కు రాతపూర్వక నోటీసు ఇచ్చి తిరస్కరించండి. ఈలోగా నాణేన్ని తోమకండి, అమ్మకానికి పెట్టకండి.

ఏడు రోజుల గడువు సంగతి: అది నచ్చకపోతే తిప్పి పంపే వెసులుబాటు. ప్రకటించిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోనని అనకూడదని వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనలు, 2020 చెబుతున్నాయి. నోటీసులో మీరు గట్టిగా పట్టుకోవాల్సింది దీన్నే. డీలర్ లొంగకపోతే హనుమకొండలో మీ జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు, ముంబై వెళ్లక్కర్లేదు. రెండేళ్ల గడువుంది. అయిదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. వెబ్‌పేజీ స్క్రీన్‌షాట్, బిల్లు, రెండు వైపుల ఫొటోలు, నాణేల నిపుణుడి సంతకంతో లేఖ జత చేయండి.

పరిహారానికే పరిమితమైతే మీకు దక్కేది రెండు నాణేల ధరల్లో తేడా. ఒకే స్థితిలో ఉన్న ఈ ఇద్దరి ఆంటియోక్ నాణేల మధ్య ఆ తేడా పెద్దగా ఉండకపోవచ్చు. అందుకే ముందు వాపసుకు పట్టుబట్టి, లేదంటే కొంత తగ్గింపుతో రాజీ పడటం మేలని నా సలహా.

ఒక జాగ్రత్త. వందేళ్లు దాటిన ఏ నాణెమైనా 1972 నాటి పురావస్తువుల చట్టం కింద పురావస్తువే. వాటి వ్యాపారం చేసేవారికి లైసెన్సు ఉండాలి కనుక ఆ నంబరును కూడా నోటీసులో అడగండి. అదే చట్టం ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం దాటించడాన్ని నిషేధిస్తుంది. విదేశీ నిపుణుడెవరైనా ‘పంపండి, చూసి చెబుతాను’ అంటే ఫొటోలు మాత్రమే పంపండి.